అమ్మ చూడ్డానికి రాలేదు

2024 ఫిబ్రవరిలో డాలస్ విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ అధికారి అమ్మని ఎందుకొచ్చావని అడిగాడట. "విజిటింగ్ డాటర్" అంది అమ్మ. ఆ రెండు మాటలూ ఫోన్లో వారం రోజులు వల్లె వేయించింది నేనే. "బేబీ అనకు, హెల్ప్ అనకు, వంట అనకు. చూడ్డానికి వచ్చానని మాత్రం చెప్పు" అని మళ్లీ మళ్లీ చెప్పాను. దోహాలో విమానం మారాలి గనక వీల్‌చైర్ పెట్టించాం. కాళ్లు బాగానే ఉన్నాయి, భాషే రాదు. ఆమె పెట్టెల్లో ఆరు నెలలకి సరిపడా బీపీ మాత్రలు, పథ్యం కారం, తెలగపిండి, వసకొమ్ము, నా నడుముకి కట్టడానికి రెండు పాత నేతచీరలు ఉన్నాయి. ఊళ్లు చూడ్డానికి వచ్చే మనిషి తెచ్చుకునే సామాను కాదది. ఆ సంగతి నాకు తెలుసు, మా ఆయనకి తెలుసు, అమ్మకీ తెలుసు. ముగ్గురం కలిసి ఆడిన అబద్ధం అది. ఆ అబద్ధం ఒక్క అధికారి దగ్గరే ఆడి ఊరుకుంటే నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు. ఆరు నెలల పాటు ఇంట్లో మాకు మేం కూడా అదే చెప్పుకున్నాం.

మేముండేది టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో. మన తెలుగువాళ్లు వీధికి పదిమంది కనిపించే ఊరు. డాలస్ రవాణా సంస్థ డార్ట్ బస్సులూ రైళ్లూ ఈ ఊరికి రావు. కారు నడపడం రాని మనిషి గడప దాటలేదు. మార్చిలో పాప పుట్టింది. నేను పనిచేసే కంపెనీ చిన్నది, యాభైమంది కూడా ఉండరు. 1993లో అమెరికా చేసిన ఫ్యామిలీ అండ్ మెడికల్ లీవ్ చట్టం 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలకే వర్తిస్తుంది. అది ఇచ్చేదైనా ఏమిటి? 12 వారాల సెలవు, జీతం లేకుండా. అదీ నాకు దక్కలేదు. బతిమాలుకుంటే ఆరువారాలు ఇచ్చారు, జీతం లేకుండానే. కుట్లు పూర్తిగా మానకముందే నేను లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పాప అమ్మ ఒళ్లోకి వెళ్లింది.

అమ్మ పొద్దున ఐదున్నరకి లేచేది. పాపకి నూనె పట్టించి, నలుగు పెట్టి, కాళ్లమీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసేది. సాంబ్రాణి వేస్తే పొగ అలారం మోగుతుందని మొదటిరోజే తెలిసింది. అందుకని గరాజ్‌లో వేసి, ఆ వాసన పట్టిన బట్టలో పాపని చుట్టేది. నాకు పథ్యం వంట, మా ఆయనకి మామూలు వంట. సీసాలు మరగబెట్టడం, బట్టలు ఉతికి మడవడం, నేను మీటింగుల్లో ఉంటే పాప ఏడుపు వినిపించకుండా అటువైపు గదిలోకి తీసుకుపోవడం. రాత్రి రెండింటికి పాప లేస్తే నాకంటే ముందు అమ్మే లేచేది, "నీకు పొద్దున ఆఫీసుంది పడుకో" అనేది. ఒక శనివారం ఊరికే కాగితం తీసుకుని లెక్క రాశాను. 14 గంటలు తేలింది. ఆదివారం కూడా అంతే. మా ఇంట్లో శని ఆదివారాలు అందరికీ సెలవే, అమ్మకి తప్ప.

అయినా ఇంటికొచ్చిన స్నేహితులందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. "ఆంటీ, అమెరికా ఎలా ఉంది? ఏం చూశారు?" అమ్మ నవ్వేది. ఆమె చూసిన అమెరికా మా వంటింటి కిటికీలోంచి కనిపించే చెక్క కంచె, వారానికోసారి ఇండియన్ గ్రాసరీ, రెండుసార్లు హనుమంతుడి గుడి.

మా అమ్మ ఎవరో చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక పల్లెటూళ్లో అంగన్‌వాడీ టీచర్. 1998 నుంచి అదే సెంటర్. పిల్లల్ని తూచడం, గుడ్లు పాలు లెక్కచూసి ఇవ్వడం, గర్భిణుల పేర్లు రాయడం, రిజిస్టర్లు నింపడం, ఈమధ్య యాప్‌లో ఫొటోలు ఎక్కించడం. నా చిన్నప్పుడు ఆ సెంటర్లోనే నా పలకా బలపం. 1975లో ఐసీడీఎస్ మొదలైననాటి నుంచీ ఈ పని చేసే ఆడవాళ్లకి ప్రభుత్వం ఇచ్చేదాని పేరు జీతం కాదు, గౌరవ వేతనం. పసిపిల్లల్ని చూసుకోవడం ఆడవాళ్ల స్వభావం, అదొక సేవ, దానికి కాస్త గౌరవం ఇస్తే చాలు అనే ఆలోచన ఆ పేరులోనే ఉంది. అమ్మకి నెలకి 11,500 రూపాయలు వచ్చేవి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక గుజరాత్ కేసులో, అంగన్‌వాడీ కార్యకర్తలకీ సహాయకులకీ గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. దాన్ని అమలు చెయ్యండి, వేతనం పెంచండి అని 2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకి దిగారు. 42 రోజులు. మధ్యలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. మీలో చాలామంది ఆ శిబిరాలకి వెళ్లి కూర్చునే ఉంటారు.

మా అమ్మ ఆ టెంట్ కింద 42 రోజులూ కూర్చుంది. జనవరిలో ఒకరోజు నేను ఫోన్ చేశాను. వెనక నినాదాలు. "అమ్మా, ఫిబ్రవరికి టికెట్ బుక్ చేశా. 2019లో నా కాన్వొకేషన్‌కి తీసుకున్న వీసా ఇంకా ఉందిగా" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "సరేలేమ్మా" అంది. ఆ మౌనం నాకు వినపడలేదు. నిజం చెప్పాలంటే, వినదలుచుకోలేదు. టికెట్ నేనే కొన్నానన్న గొప్ప ఒకటి నాలో ఉండింది.

మే నెలలో ఒక రాత్రి పదిన్నర దాటాక అమ్మ ఫోన్లో మెల్లగా మాట్లాడుతుంటే విన్నాను. అక్కడ పొద్దున తొమ్మిది, సెంటర్ తెరిచే వేళ. అవతల ఆయా. ఏ పిల్లవాడు వచ్చాడు, ఎవరి బరువు తగ్గింది, బాలామృతం వచ్చిందా, పక్కూరి టీచర్ ఇన్‌చార్జిగా వస్తోందా రావట్లేదా. ఫోన్ పెట్టేశాక అడిగాను: "ఇన్‌చార్జి ఎందుకమ్మా అంత కంగారు, ఆగస్టులో నువ్వెళ్తావుగా?"

"ఎక్కడికే వెళ్లేది? ఆర్నెల్లు సెలవు మాకెవరిస్తారు? రాజీనామా ఇచ్చేగా వచ్చింది" అంది, పాప బట్టలు మడతపెడుతూ.

26 ఏళ్ల ఉద్యోగం. గ్రాట్యుటీ కోసం నెలన్నర టెంట్ కింద కూర్చున్న మనిషి, ఆ టెంట్ తీసేసిన కొద్దిరోజులకే నా కోసం ఉద్యోగం వదిలేసి విమానం ఎక్కింది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పెద్దగా అడిగేదేముంది, కూతురు పురుడు కదా! మా నాన్నని మాత్రం ఎవరూ పొలం వదిలి రమ్మనలేదు. "మిరప కోతలు, ఆయన ఎలా వస్తారు?" అని నేనే అన్నాను. నాన్న పని పని. అమ్మ పని వదిలి రాగలిగింది.

నేను ఇలాంటి పత్రికలు చదువుతూ పెరిగినదాన్ని. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు తన పేరే మర్చిపోయిందని చదివి, నా పేరు నేను మర్చిపోనని హాస్టల్ గదిలో ఒట్టు పెట్టుకున్నదాన్ని. మర్చిపోలేదు కూడా. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోలేదు, ఉద్యోగం మానలేదు. కానీ నా పేరు నిలబెట్టుకోవడానికి ఇంకో ఆడమనిషి తన టీచర్ అనే పేరుని వదులుకుంది. ఆమె మా అమ్మే కాబట్టి నాకది దోపిడీగా కనిపించలేదు.

ఇదంతా అమెరికాని తిట్టేసి ముగించొచ్చు. తిట్టాల్సినంత ఉంది. బిడ్డని కన్న తల్లికి దేశమంతటికీ వర్తించే జీతంతో కూడిన సెలవు లేని దేశమిది. అందరికీ అందే శిశు సంరక్షణ కోసం 1971లో కాంగ్రెస్ ఒక బిల్లు ఆమోదిస్తే, కుటుంబాన్ని బలహీనపరుస్తుందని అధ్యక్షుడు నిక్సన్ వీటో చేశాడు. కాలిఫోర్నియాలో 2004 నుంచి జీతంలో కొంత ఇచ్చే కుటుంబ సెలవు ఉంది, టెక్సాస్‌లో అలాంటి చట్టం లేదు. మా ఊళ్లో నెలల పిల్లకి డేకేర్ నెలకి 1,800 డాలర్లు అడిగారు. ఈ ఖాళీ అంతా మన అమ్మలతో, అత్తలతో నిండుతోంది. అటు ఆంధ్రా నుంచీ తెలంగాణ నుంచీ ఆరు నెలలకొకరు చొప్పున వస్తున్న ఈ ఆడవాళ్ల చాకిరీ మీద ఇక్కడి కంపెనీల ప్రాజెక్టులు గడువుకి పూర్తవుతున్నాయి. ఆర్లీ హోక్‌షీల్డ్ 2000లో 'గ్లోబల్ కేర్ చెయిన్' అన్న మాట వాడింది. పేద దేశాల ఆడవాళ్లు తమ పిల్లల్ని వదిలి ధనిక దేశాల పిల్లల్ని పెంచడం గురించి. ఆ గొలుసులో కూలికొచ్చిన ఆడవాళ్లకి తక్కువైనా ఎంతో కొంత జీతం ఉంటుంది. మన అమ్మలకి అది కూడా లేదు.

కానీ అమెరికాని తిడితే మా ఇల్లు తప్పించుకుంటుంది. అసలు సంగతి చెప్తాను. మా ఆయన పనిచేసేది వేలమంది ఉద్యోగులున్న కంపెనీ. ఆ 1993 చట్టం ఆయనకి వర్తిస్తుంది. 12 వారాలు. అది తల్లికి మాత్రమే ఇచ్చిన హక్కు కాదు, తండ్రిది కూడా. బిడ్డ పుట్టిన ఏడాదిలోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. ఆయన కంపెనీ ఇచ్చిన రెండువారాల్లో ఒక వారం మాత్రం తీసుకుని, రిలీజ్ ఉందని వెళ్లిపోయాడు. మిగతా హక్కు సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టనే లేదు. తొమ్మిది వేల మైళ్ల అవతల ఉద్యోగం చేసుకుంటున్న 57 ఏళ్ల మనిషిని తెప్పించాలని తట్టింది గానీ, పక్కగదిలో ఉన్న తండ్రి సెలవు పెట్టాలని తట్టలేదు. ఆయన మంచివాడే. "అత్తయ్యా, మీరుండబట్టి గానీ లేకపోతే మేమేమైపోయేవాళ్లం" అని రోజుకోసారి అనేవాడు. ఆ మెచ్చుకోలుతో ఆయన బాధ్యత తీరిపోయేది. నాదీ తీరిపోయేది.

2019లో మన కేంద్ర ప్రభుత్వం చేసిన కాలవినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానిమీద వెచ్చిస్తున్నారని తేలింది. అమెరికా వస్తే ఈ తేడా తగ్గుతుందని మనం చెప్పుకుంటాం. "అక్కడ మగవాళ్లు గిన్నెలు కడుగుతారు" అని. కడుగుతారు, నిజమే. అమ్మ వచ్చిన మర్నాటి నుంచి మానేస్తారు. మా ఇంట్లో జరిగింది అదే. ఆడామగా పని పంచుకునే పోట్లాట మూడేళ్లు చేసి సాధించుకున్న కాస్త సమానత్వం, అమ్మ రాగానే అక్కర్లేకుండా పోయింది. నా వాటా, ఆయన వాటా రెండూ అమ్మ నెత్తిన పెట్టి, మేమిద్దరం సమానమయ్యాం.

"పుట్టింటి పురుడు మన సంస్కృతి, దీనికీ లెక్కలేనా?" అని అడిగేవాళ్లున్నారు. పుట్టింటి పురుడంటే కూతురు తల్లి ఇంటికి వెళ్లేది. తల్లి తన వంటింట్లో, తన ఊళ్లో ఉండేది. పక్కింటి పిన్ని, మేనత్త, చుట్టాలు తలోచెయ్యి వేసేవాళ్లు. ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. ఆ సంస్కృతిలో కూడా బరువుపని ఎవరు చేశారు? మంత్రసాని ఎవరు? పురిటి బట్టలు ఉతికింది ఎవరు? ఇన్ని గింజలకో, పాతచీరకో ఆ పని చేసిన కులాల ఆడవాళ్లని మర్చిపోయి మనం పురుడు అంటే అమ్మ ప్రేమ అంటున్నాం. వాళ్లంతా చేసిన పనిని ఫ్రిస్కోలో మా అమ్మ ఒక్కతే చేసింది. దాన్ని సంస్కృతి అనడం నాకు చేతకాదు.

"ఆవిడకి ఇష్టమై చేసింది" అంటారు. ఇష్టమే. పాపని ఎత్తుకున్నప్పుడు ఆమె మొహం చూశాను నేను. కానీ సెంటర్లో పిల్లలంటే కూడా ఆమెకి ఇష్టమే. ఆ ఇష్టాన్ని చూపించే ప్రభుత్వం 26 ఏళ్లు జీతం బదులు గౌరవం ఇచ్చింది. అదే ఇష్టాన్ని చూపించి కూతురు టికెట్ ఇచ్చింది. ఆ శిబిరంలో కూర్చున్నవాళ్లు ఖండించిన వాదన ఇదే కదా! ప్రభుత్వం అంటే తప్పు, ఇంట్లో మనం అంటే ఒప్పు ఎలా అవుతుంది?

మన డయాస్పోరా కథల్ని కూడా ఒకమాట అడగాలి. అమెరికా వచ్చిన అమ్మ గురించి నేను చదివిన కథల్లో ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఊరిని తలుచుకుంటుంది, మాట్లాడే మనిషి లేక కుమిలిపోతుంది, చివరికి తిరుగు విమానం ఎక్కి ఊపిరి పీల్చుకుంటుంది. ఒంటరితనం నిజమే. కానీ ఆ అమ్మ కిటికీ దగ్గర కూర్చునేంత తీరిక ఎప్పుడు దొరికింది? ఆ కథల్లో ఆమె బాధ ఉంది, పని లేదు. బాధని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటే సరిపోతుంది, పనిని చూస్తే లెక్క చెప్పాల్సి వస్తుంది. రాసేవాళ్లం మనమే గనక, మనం ఏది వదిలేస్తున్నామో చూసుకోవాలి.

ఆగస్టులో అమ్మ వెళ్లింది. అదే వారం మా అత్తగారు దిగారు, మామగారితో సహా. వీసా గడువుల్ని బట్టి ఇక్కడ ఇళ్లల్లో నడిచే డ్యూటీ మార్పు ఇది. మామగారు పొద్దునా సాయంత్రం పార్కుకెళ్లి స్నేహితుల్ని సంపాదించుకున్నారు, నయాగరా చూసొచ్చారు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. విజిటర్ ఇన్సూరెన్సు పాత జబ్బులకి పనికిరాదని తెలిసి, మెట్లు ఎక్కాల్సి వచ్చినప్పుడల్లా పాపని చంకనేసుకుని కూర్చుని కూర్చుని ఎక్కేవారు. అది చూసిన రోజున ఇక చాలనుకున్నాను. 2025 ఫిబ్రవరిలో వాళ్లు వెళ్లాక మళ్లీ అమ్మని రప్పించే ఏర్పాటు జరుగుతోంది. "ఎలాగూ ఉద్యోగం లేదుగా ఇప్పుడు" అన్న మాట మా ఇంట్లోనే వినిపించింది. వద్దన్నాను. పాపకి ఏడాది నిండేలోపు మిగిలిన నాలుగు వారాలు సెలవు పెట్టమని ఆయనతో అన్నాను. జీతం పోతుంది, మేనేజర్ మొహం మాడ్చుకుంటాడు, వీసా మీదున్నవాళ్లం, లేఆఫ్ చేస్తే ఎలా అన్నాడు. ఆ భయాలు అబద్ధాలు కావు. "అమ్మ వదులుకున్నప్పుడు ఈ లెక్కలేవీ ఎవరూ వెయ్యలేదు" అన్నాను. పదిరోజులు మాటల్లేవు. తర్వాత సెలవు పెట్టాడు. రెండోరోజు సాయంత్రానికే "రోజంతా ఒక్కడినే అంటే కష్టమే" అన్నాడు. ఏడాది నుంచి మా ఇంట్లో ఎవరూ అనని మాట అది. అమ్మ అననే లేదు.

ఇప్పుడు పాప డేకేర్‌కి వెళ్తోంది. అక్కడ పాపని చూసుకునే అమ్మాయికి సరైన జీతం రాదని నాకు తెలుసు, తన పిల్లాడిని వాళ్లమ్మ దగ్గర వదిలి వస్తుందనీ తెలుసు. గొలుసు తెగలేదు. కాబట్టి డేకేర్ ఒక్కటే పరిష్కారమని చెప్పను. అమ్మమ్మలూ నాయనమ్మలూ రాకూడదనీ చెప్పను. రావాలి. వస్తే ఆ రాకని పని అని పిలవాలి. రమ్మనే ముందు, నీకేం పోతుందని అడగాలి. తండ్రి సెలవు పూర్తిగా వాడుకున్నాకే అమ్మకి టికెట్ కొనాలి. వారానికి ఒకరోజు ఆమెకి సెలవుండాలి. చేసిన పనికి డబ్బు ఆమె చేతికి రావాలి. ప్రేమకి కూలి కడతారా అని ముక్కున వేలేసుకోవద్దు. ఇంటిపనికి వేతనం కావాలని 1972 నుంచీ ఉద్యమం నడిపిన ఆడవాళ్లు ప్రేమని అమ్మకానికి పెట్టలేదు, ప్రేమ పేరుతో చేయించుకునే పనిని పనిగా చూపించారు. సంఘాల సభలకి లక్షల డాలర్లు ఖర్చుపెట్టే మన తెలుగు సమాజం ఈ విషయం మీద ఒక్క పూట మాట్లాడుకోవడానికి ఎందుకు జంకుతుంది?

ఆరు నెలల డేకేర్ లెక్కన 10,800 డాలర్లు అమ్మకి పంపిస్తానని చెప్పాను. అది ఆమె పద్నాలుగు గంటల పనికి సరైన జీతం కాదు, ఆమె ఉద్యోగానికి నష్టపరిహారం అసలే కాదు. ఆ ఉద్యోగం తిరిగి రాదు. "నాకెందుకే డబ్బులు, పరాయిదానిలా" అని రెండురోజులు కోప్పడింది. మూడోరోజు తనే ఫోన్ చేసింది.

"పంపేదయితే నాన్నా నేనూ కలిసి ఉన్న ఖాతాలో వెయ్యకు. నా గౌరవ వేతనం పడేదే, ఆ ఖాతాలో వెయ్యి" అంది.

నంబరు రాసుకున్నాను. ఇది చదివే మీలో అమెరికాలోనో, లండన్‌లోనో, బెంగళూరులోనో అమ్మనో అత్తనో రప్పించుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు ఏం వదిలి వచ్చారో ఇవాళ రాత్రికి అడగండి. వెంటనే చెప్పరు. ఇంకోసారి అడగండి.